అంచులు కోసిన వేటబొమ్మలు

మా ఆయనకి గుర్రమెక్కడం రాదు. ఇంగ్లీషు చదివి అర్థం చేసుకోవడమూ రాదు. అయినా ఈ రాయ్‌పూర్‌లో ఇంగ్లీషు దొరల గుర్రపు బొమ్మలూ వేటబొమ్మలూ పోగుచేసిన నలుగురైదుగురిలో ఆయనొకడు. ఆ బొమ్మల్లో నాలుగింటిని పాడుచేసింది నేను. వాటి విలువ తెలిసిన మనిషి మాత్రం పాడుచేసింది ఆయనే అనుకున్నాడు. ఆయన పోయి మూడేళ్ళయింది. నేను చదివింది మూడో తరగతి. వచ్చినంత మటుకు రాస్తాను.

ఆయన వ్యాగన్లు బాగుచేసే రైల్వే వర్క్‌షాపులో పెయింటరు. విజయనగరం వైపు నుంచి రైలు పట్టాల వెంట ఇక్కడికొచ్చి స్థిరపడ్డ కుటుంబాలు మావి. బాగై వచ్చిన ప్రతి వ్యాగన్ మీదా నంబరు, మోయగలిగే బరువు, మళ్ళీ ఎప్పుడు బాగుకి రావాలో ఆ తేదీ, అన్నీ ఆయన చేత్తో తెల్లరంగుతో రాసేవాడు. రిటైరయ్యేదాకా అదే పని. ఆయన రాత దేశమంతా తిరిగింది గానీ ఆయన పేరు ఒక్క వ్యాగన్ మీదా లేదు. రాసుకునే అలవాటు ఎవరికీ లేదు.

బొమ్మల పిచ్చి కొత్త రాష్ట్రం వచ్చి ఈ ఊరు రాజధాని అయిన కొత్తల్లో పట్టుకుంది. కొత్త ఆఫీసుల కోసం పాత బంగళాలు ఖాళీ చేయించారు. వాటిలోని కుర్చీలు, అద్దాలు, పటాలు బండ్లకెక్కి భన్‌పురిలో పాతసామాన్లు అమ్మే కబాడీ కొట్లకి చేరాయి. తలుపు బందులు తెస్తానని సైకిలు మీద వెళ్ళిన మనిషి, బందులు లేకుండా ఒక కాగితం చుట్ట పట్టుకుని వచ్చాడు. ఎర్రకోట్లు తొడుక్కున్న దొరలు గుర్రాల మీద, కింద తోకలెత్తుకున్న కుక్కలు, వెనక పొగమంచులో ఆకుల్లేని చెట్లు.

"బందులేవండీ?"

"ఇది సూడెహె. ఈ ఎరుపు అచ్చులో పడింది కాదు. గీతలు మాత్రవే అచ్చు. రంగు సేత్తో ఏసింది. ఇదిగో, ఈ గుర్రం సెవి కాడ బ్రష్షు గీత దాటిపోనాది. పాపం ఎవరో తొందర్లో ఏసినారు."

"గీత దాటినందుకు వాళ్ళకి కూలి కోసుంటారు. బందులు తెండి."

అప్పట్నుంచీ మా ఇంట్లో ఇదే వరస. నేను ఖర్చు దగ్గర గట్టి మనిషిని. అగ్గిపుల్ల గీస్తే రెండు దీపాలు వెలగాలి నాకు. ఆయన తన టీ, పాన్ మానేసి బొమ్మలు కొనుక్కునేవాడు. ఇంటి ఖర్చులోంచి ఒక్క పైసా అడగలేదు. అడగలేదు గనక తిట్టడానికి నాకు కారణం దొరికేది కాదు, అందుకని కారణం లేకుండానే తిట్టేదాన్ని. మంచం కింద రేకుపెట్టెలో, బొమ్మకీ బొమ్మకీ మధ్య తెల్లకాగితం వేసి దాచుకునేవాడు. ఎప్పుడైనా తీసి చూసుకుంటూంటే, "ఆ నక్కల్ని పట్టుకుని ఎంతసేపు కూచుంటారు, లేవండి" అనేదాన్ని.

అది నక్కవేటేనని ఆయనే చెప్పాడు. అంతమంది మగాళ్ళు, అన్ని గుర్రాలు, అన్ని కుక్కలు కలిసి తరిమేది ఒక్క నక్కని. దాన్ని తింటారా అంటే తినరట. తినని జంతువు కోసం గుర్రాల్ని అలా నురగలు కక్కేలా పరిగెత్తించేవాళ్ళంటే నాకు అసహ్యం వేసింది. ఆయనకి మాత్రం వేటతో పనిలేదు. గుర్రం కాలు నేలకి ఆనని చోట గీత ఎంత సన్నగా ఉందో చూడమనేవాడు.

వాటిలో నాలుగు బొమ్మలు ఒక జట్టు. మొదటిదాంట్లో అందరూ ఒకచోట చేరతారు. రెండోదాంట్లో కుక్కల్ని పొదలోకి వదులుతారు. మూడోదాంట్లో పరుగు. నాలుగోదాంట్లో ఒక దొర చచ్చిన నక్కని తలమీదికెత్తి పట్టుకుంటాడు, చుట్టూ కుక్కలు ఎగురుతుంటాయి. ఈ నాలుగూ చేరడానికి ఆయనకి నాలుగేళ్ళు పట్టింది. ఆఖరిది టాటీబంధ్ చౌక్‌లో లారీలు ఆగే ఢాబా గోడకి, పొగ పట్టి, నల్లటి అద్దం కింద ఉంది. ఢాబా వాడు అమ్మనన్నాడు. ఈయన రెండు రోజులు నిచ్చెనెక్కి ఆ ఢాబాకి బోర్డు రాసిచ్చి, బదులుగా బొమ్మ తెచ్చుకున్నాడు. ఆ సాయంత్రం ఇంటికొచ్చినప్పుడు ఆయన మొహంలో ఉన్న వెలుగు మా పెళ్ళినాడు కూడా చూడలేదు.

"పక్కింటి వదిన అంది, నక్కతోక తొక్కొచ్చాడా అన్నయ్య అని," అన్నాను.

"తోక కాదే, నక్కనే తెచ్చినాను," అని నవ్వాడు.

ఆయనకి ఈ సంగతులన్నీ నేర్పింది భిలాయిలో ఉండే ఒక పెద్దాయన. అక్కడ కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరయ్యాడు. ఇరవై ఏళ్ళుగా ఇలాంటి బొమ్మలు సేకరిస్తున్న మనిషి. భన్‌పురిలో ఒకే పటం మీద ఇద్దరూ ఒకేసారి చెయ్యి వేశారట. పెద్దాయన చెయ్యి తీసేసి, "మీరే తీసుకోండి, మీరు రంగు చూస్తున్నారు, నేను పేరు చూస్తున్నాను" అన్నాడట హిందీలో. అప్పట్నుంచీ ఇద్దరికీ ఉత్తరాలు. మా ఆయన బొమ్మ అడుగున ఉన్న ఇంగ్లీషు అక్షరాల్ని అచ్చం అలాగే, వంకర వంకరగా, కాగితం మీద దించి పంపేవాడు. వ్యాగన్ అక్షరాలు రాసిన చెయ్యి, ఎలా ఉంటే అలా దించగలదు. దానికి ఆ పెద్దాయన ఇంత పొడుగు జవాబు రాసేవాడు.

ఒకసారి మా ఆయన నాతో, "ఈ బొమ్మ కింద అక్షరాలు సూసినావా, అవేటంటే" అని మొదలుపెట్టాడు. "పప్పు మాడుతోంది" అని లేచిపోయాను. పప్పు ఇంకా పొయ్యి మీద పెట్టనేలేదు.

నాలుగో బొమ్మ దొరికిన మరుసటి ఏడు మాఘమాసంలో పెద్దాయన దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. రాయ్‌పూర్‌లో ఒక హాలు తీసుకుని వారం రోజులు బొమ్మల ప్రదర్శన పెడుతున్నాడు. నక్కవేట జట్టు నాలుగూ ఒకచోట ఆయన దగ్గర కూడా లేవు, రెండే ఉన్నాయి. మా ఆయనవి నాలుగూ హాలు నడిమి గోడకి పెడతానన్నాడు. కింద ఒక చీటీ: ఫలానావారి సేకరణ, రైల్వే పెయింటరు, రాయ్‌పూర్. ఆదివారం వచ్చి బొమ్మలు చూసి కొలతలు తీసుకుంటానన్నాడు.

ఆ చీటీ తన చేత్తోనే రాస్తానని మా ఆయన తిరుగు ఉత్తరం వేశాడు. ఇక పాత పేపర్లన్నీ ఆయన పేరుతో నిండిపోయాయి. హిందీలో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి. చిన్నగా, పెద్దగా, నీడ వేసి, నీడ లేకుండా. అరవై దాటిన మనిషి తన పేరు రాయడం నేర్చుకుంటుంటే వింతగా ఉండేది. నేను ఏమీ అనలేదు. అంటే ఏడుస్తాడేమోననిపించింది.

అప్పుడే ఆయన మొదటిసారి ఇంటి ఖర్చులోంచి డబ్బడిగాడు. నాలుగింటికీ మంచి ఫ్రేములు కట్టించాలి, చుట్టూ ఇంత వెడల్పు తెల్ల అట్ట పెట్టించాలి అన్నాడు.

"ఇంట్లో ఫ్రేములు ఖాళీగా ఉండగా కొత్తవా?" అన్నాను.

ఖాళీ ఫ్రేముల సంగతి ఇది. మా ఇంట్లో దేవుడి పటాలన్నీ క్యాలెండర్లవే. ఏటా కిరాణా కొట్టు వాడో, బట్టల కొట్టు వాడో ఇచ్చిన క్యాలెండర్‌లో దేవుడు బాగుంటే, ఏడు గడిచాక నెలల కాగితాలు చింపేసి, అడుగున ఉన్న షాపు పేరు, ఫోన్ నంబరు కత్తెరతో కోసేసి, ఫ్రేములో పెట్టుకుంటాం. మా కాలనీలో అందరూ అంతే. దేవుడి పాదాల కింద కొట్టు పేరు పెట్టుకుని ఎవరు దండం పెడతారు? ఆ ముందటి ఏడు మా పటాలకి పురుగు పట్టింది. దేవుడి బొమ్మ పారెయ్యకూడదు గనక మహాదేవ్ ఘాట్‌కి తీసుకెళ్ళి ఖారున్ నదిలో కలిపాం. ఫ్రేములు, అద్దాలు శుభ్రంగా తుడిచి అటక మీద పెట్టాను.

"అవి సిన్నవి, పట్టవు," అన్నాడాయన. "నువ్వు పెట్టె జోలికెల్లకు. పెద్దాయనొచ్చి సూసి ఏటి సెయ్యాలో సెప్తాడు." అంతలో తిల్దాలో మా ఆయన చెల్లెలి మొగుడు రైస్‌మిల్లులో మెట్ల మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడని కబురొచ్చింది. గురువారం పొద్దున్నే ఈయన రైలెక్కి వెళ్ళాడు. శనివారం సాయంత్రానికి వచ్చేస్తానన్నాడు.

నేను చేసింది మంచికే చేశానని చెప్పుకోగలను. అంత చదువుకున్న మనిషి ఇంటికొస్తుంటే, మంచం కింద తుప్పు పెట్టెలోంచి విడి కాగితాలు తీసి చూపిస్తే ఏం మర్యాద అనుకున్నాను. అది నిజమే. కానీ దాని కింద ఇంకో నిజం ఉంది. ఆయన డబ్బిచ్చి చేయించాలనుకున్నది నేను ఖర్చు లేకుండా చేసి చూపించాలనుకున్నాను. చూశారా, నా మాట వినుంటే, అని అనాలనుకున్నాను.

శుక్రవారం మధ్యాహ్నం మైదాపిండి ఉడికించి జిగురు చేశాను. పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం పొడి కలిపాను. నేల మీద చాప పరిచి, ఫ్రేము అద్దం బొమ్మ మీద పెట్టి, చుట్టూ గీత గీసి, జాకెట్లు కత్తిరించే కత్తెరతో కోశాను. చుట్టూ నాలుగు వేళ్ళ వెడల్పు ఉత్త కాగితం ఊరికే వదిలేశారు, దొరలకి కాగితం అంటే లెక్కలేదు అనుకున్నాను. అడుగున ఇంగ్లీషు అక్షరాలు. షాపు పేరే, ఇంకేముంటుంది? కోసేశాను.

పక్కింటి వదిన గోరుచిక్కుళ్ళ ఈనెలు తీస్తూ వచ్చి గుమ్మంలో కూచుంది. మూడోదానికి ఫ్రేము మరీ చిన్నదైంది. అంచులు పోగా బొమ్మలోకి కూడా కొయ్యాల్సి వచ్చింది.

"అయ్యో వొదినా, ఆ సివరి గుర్రానికి తోక పోనాది గదే!"

"దేవుడి పటమా ఏమన్నానా, తోక పోతే పాపం రావడానికి?"

"తోకే కాదు, ఎనక కాళ్ళూ పోనాయి. దాని మీద దొర ఎలగ ఎల్తాడు పాపం?"

"దిగి నడుస్తాడు. బాగా తిన్న ఒళ్ళే."

ఇద్దరం నవ్వుకున్నాం. అట్ట మీద జిగురు రాసి, బొమ్మ పరిచి, గుడ్డతో ఒత్తాను. తీసి చూసుకుంటే నా చూపుడు వేలి కొస ఎర్రగా ఉంది. ఆ దొర కోటు రంగు నా వేలికి అంటింది. చేత్తో వేసిన రంగని ఆయన ఎన్నిసార్లు చెప్పాడో అప్పుడు గుర్తొచ్చింది. అప్పటికి రెండే అంటించాను. ఆగాల్సింది. వేలు చీరకి తుడుచుకుని మిగతా రెండూ అంటించాను.

కోసిన ముక్కలు మర్నాడు పొద్దున నీళ్ళ పొయ్యి రాజెయ్యడానికి పనికొచ్చాయి. పాత కాగితం, ఇట్టే అంటుకుంది.

శనివారం సాయంత్రం ఆయన వచ్చేసరికి నాలుగూ గోడకి వరసగా కట్టేసి ఉన్నాయి. చెప్పులు విప్పుతూ తలెత్తి చూశాడు. ఒక చెప్పు విప్పి, ఇంకోటి కాలికే ఉంచుకుని దగ్గరికెళ్ళాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

"కింద అక్షరాలేవి?"

"షాపు పేరు కదండీ. కోసేశాను."

"కోసిన ముక్కలు?"

"నీళ్ళ పొయ్యిలో పెట్టాను."

ఆయన మంచం మీద కూచున్నాడు. తిడతాడనుకున్నాను. తిడితే నేనూ అనాల్సినవి సిద్ధంగా ఉంచుకున్నాను. తిట్టలేదు. "అది షాపు పేరు కాదే," అన్నాడు మెల్లగా. "ఎడం పక్క బొమ్మ గీసినోడి పేరు. కుడి పక్క రాగిరేకు మీద సెక్కినోడి పేరు. కింద అచ్చేసినోడిది, ఏ ఏడో అది. అవి లేపోతే ఇది ఎవుడిదీ కాదు."

"నాకెవరు చెప్పారు?" అన్నాను.

ఆయన నా మొహంలోకి చూశాడు. తర్వాత, "అన్నం పెట్టు" అన్నాడు.

ఆదివారం పదింటికి పెద్దాయన వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, చేతిలో సంచి. సంచిలోంచి భూతద్దం, టేపు, తెల్లటి నూలు చేతితొడుగులు తీసి తొడుక్కున్నాడు. మా గోడ దగ్గర ఎవరూ అలా చేతులకి తొడుగులేసుకుని నిలబడలేదు. నాకు లోపల గర్వంగా కూడా ఉంది ఆ క్షణం. ఉప్మా పళ్ళెంలో వేసి జీడిపప్పు రెండు పలుకులు పైకి కనబడేలా పెట్టాను.

పెద్దాయన మొదటి బొమ్మ చూశాడు. రెండోది చూశాడు. మూడోదాని దగ్గర భూతద్దం దించేశాడు. తర్వాత చేతితొడుగులు విప్పేసి సంచిలో పెట్టుకున్నాడు. ఇక వాటి అవసరం లేదని నాకు అర్థమైంది.

"యే కిస్‌నే కాటా?" అన్నాడు. ఎవరు కోశారు అని.

మా ఆయన నోరు తెరిచేలోపే నేనే అన్నాను: "ఐసాహీ మిలా, సాబ్. ఐసాహీ లాయే." ఇలాగే దొరికాయి, ఇలాగే తెచ్చారు అని. నా నోటికి అబద్ధం అంత తొందరగా వస్తుందని నాకే తెలీదు. పిల్లలు ఒక్క చిన్న అబద్ధం ఆడితే వీపు చితక్కొట్టిన దాన్ని.

పెద్దాయన సంచిలోంచి ఒక ఉత్తరం తీశాడు. మా ఆయన పంపిందే. నాలుగు బొమ్మల కింది అక్షరాలూ వరసగా, అచ్చులా దించి ఉన్నాయి. దాన్ని పట్టుకుని మా ఆయన్ని అడిగాడు, మరి ఇవి ఎక్కణ్ణుంచి రాశారు అని. గట్టిగా అడగలేదు. ఏదైనా పుస్తకంలో చూసి రాశారా అని అడిగాడు. ఇన్నాళ్ళూ నాకు రాసినవన్నీ ఇలాంటివేనా అని అడగలేదు గానీ, ఆ ప్రశ్న కూడా ఆయన మొహం మీద ఉంది.

నేను ఒక్క మాట పడకుండా తప్పించుకోబోయి మా ఆయన్ని దొంగని చేశాను. బొమ్మలు కోసింది వేరు, ఇది వేరు. బొమ్మలు తెలీక కోశాను. ఇది తెలిసి చేశాను.

మా ఆయన నావైపు చూశాడు. చెప్పమని కాదు. చెప్తానేమోనని. నేను టీ గ్లాసులు పళ్ళెంలో సర్దడం మొదలుపెట్టాను. సర్దాల్సినవి రెండే గ్లాసులు. చాలాసేపు సర్దాను.

"మైనే కాటా, సాబ్," అన్నాడాయన. నేనే కోశాను. "ఘర్‌మే ఫ్రేమ్ థే. ఇస్‌కో నహీ మాలూమ్." ఇంట్లో ఫ్రేములున్నాయి, ఈమెకి తెలీదు అని.

పెద్దాయన నమ్మలేనట్టు, "ఆప్ నే?" అన్నాడు. "రంగు ఎలా వేస్తారో నాకు చూపించిన మీరా?" ఆ తర్వాత ముక్కలైనా ఉన్నాయా, అతికించి చూస్తానన్నాడు. లేవన్నాడు మా ఆయన. కాల్చేశాను అన్నాడు. అదీ తన మీదే వేసుకున్నాడు.

ఉప్మా ముట్టుకోకుండా లేచాడు పెద్దాయన. హాలులో పెట్టను అని నోటితో చెప్పలేదు, టేపు తియ్యకుండానే సంచి మూసేశాడు. అప్పటికే చీటీ రాసి, ఎండబెట్టి, కిటికీ దగ్గర పెట్టాడు మా ఆయన. పెద్దాయన దాన్ని చూసి, చూపు తిప్పేసుకున్నాడు. గుమ్మం దగ్గర నాకు నమస్కారం పెట్టి, మెల్లగా, ఇంటి ఇల్లాలికి చెప్పే గౌరవంతో అన్నాడు: "బెహన్‌జీ, ఇన్‌కే హాథ్ సే కైంచీ దూర్ రఖియే." ఈయన చేతికి కత్తెర అందకుండా చూడండి అని.

"జీ," అన్నాను. తలూపాను కూడా.

ఈ వయసులో కళ్ళు మూసుకుంటే ఎన్నో కనబడతాయి, పెళ్ళిళ్ళు, చావులు, పురుళ్ళు. వాటన్నిటికంటే ముందు నాకు కనబడేది ఆ తలూపడం.

పెద్దాయన వెళ్ళాక నేను గోడకున్నవి తీసేస్తానన్నాను. "ఒగ్గీ. కట్టినావు గదా, ఉండనీ," అన్నాడు మా ఆయన. చీటీని టర్పెంటైన్ గుడ్డతో తుడిచేశాడు. మంచి అట్ట, ఇంకెందుకైనా పనికొస్తుందన్నాడు. అది నా మాట. నా మాట ఆయన నోట్లో విన్నాను.

ప్రదర్శన మొదలైంది. ఆయన దాని ఊసెత్తలేదు. భన్‌పురి వెళ్ళడమూ మానేశాడు. ఎందుకంటే మోకాళ్ళన్నాడు. సైకిలు తొక్కే మనిషికి భన్‌పురి దారిలోనే మోకాళ్ళు నొప్పెందుకొచ్చాయో నేను అడగలేదు. ఇంకా సిగ్గుపడాల్సిందేమిటంటే, ఇక కొనడు, పెట్టె నిండదు అని మొదటి రెండు రోజులు నాకు కొంచెం తేలిగ్గా కూడా అనిపించింది.

అయిదో రోజు ఉండబట్టలేక బయల్దేరాను. ఆ పెద్దాయన్ని పక్కకి పిలిచి, కోసింది నేను, అబద్ధమాడింది నేను అని చెప్పాలని. ఆటోలో దారిపొడుగునా హిందీలో మాటలు కూర్చుకున్నాను.

హాలు చల్లగా, ఖాళీగా ఉంది. ఎక్కడ చూసినా గుర్రాలు. ఒక్కో బొమ్మ చుట్టూ అరచెయ్యి వెడల్పు తెల్లటి చోటు. ఆ తెల్లటి చోటులో బొమ్మ ఊపిరి తీసుకుంటున్నట్టుంది. నడిమి గోడకి పెద్దాయన తనకున్న రెండింటినే పెట్టాడు. ఒకటి చచ్చిన నక్కని ఎత్తిపట్టుకున్నది. రెండోది పరుగు బొమ్మ. దాని ముందు ఎంతసేపు నిలబడ్డానో తెలీదు. చివరి గుర్రానికి తోక ఉంది. గాల్లో నిలువుగా లేచిన తోక. వెనక కాళ్ళు కంచె దాటి ఇంకా నేలకి ఆనలేదు. ఆ గుర్రం వెనక ఇంకో మనిషి కూడా ఉన్నాడు, దూరంగా, నడుస్తూ, తలమీద టోపీ లేకుండా. అతన్ని నేను ముక్కల్లో కలిపి కాల్చేశానన్నమాట. బొమ్మ కింద అక్షరాలు వరసగా, సన్నగా, ఏది ఎవరిదో చెప్తూ ఉన్నాయి.

బల్ల దగ్గర ఒక అమ్మాయి కూచుంది. సార్ భోజనానికి వెళ్ళారు, అరగంటలో వస్తారు, కూచోండి మాతాజీ అంది. నా ముందుకో పెద్ద పుస్తకం తోసింది, చూసినవాళ్ళు ఏమైనా రాయొచ్చంది. పేజీలన్నీ హిందీ, ఇంగ్లీషు.

పెన్ను తీసుకుని తెలుగులో రాశాను. "నాలుగు వేటబొమ్మల అంచులు కోసింది నేను. నా భర్త కాదు. ఆయన అక్షరాలు పుస్తకంలో చూసి రాయలేదు, బొమ్మలు చూసే రాశారు. ఆ రోజు అబద్ధమాడింది కూడా నేనే. ఇట్లు, వ్యాగన్ల మీద నంబర్లు రాసినాయన భార్య." ఆయన పేరు నేనెప్పుడూ పలికినదాన్ని కాదు. ఆ పుస్తకంలో కూడా రాయలేకపోయాను.

"కిత్‌నా సుందర్ లిఖా! క్యా లిఖా, మాతాజీ?" అంది ఆ అమ్మాయి గుండ్రటి అక్షరాలు చూసి ముచ్చటపడి, ఎంత అందంగా రాశారు, ఏం రాశారని.

"అచ్ఛా హై, లిఖా," అన్నాను. బాగుందని రాశాను అని.

అరగంట కాదు, పది నిమిషాలు కూడా ఆగలేదు. ఆటో ఎక్కేశాను.

ఇంటికొచ్చేసరికి ఆయన వరండాలో వెల్లుల్లి వలుస్తున్నాడు.

"ఎక్కడికెల్లినావు?"

"కూరలకి."

"సంచేదీ?"

చేతులు రెండూ ఖాళీ. ఇక దాచలేక అంతా చెప్పాను. హాలు, తోక, వెనక నడిచే మనిషి, పుస్తకం.

"రాసినావా? ఏ బాసలో రాసినావు?"

"నాకొచ్చింది తెలుగే కదండీ."

"తెలుగులోనా! అక్కడెవుడు సదువుతాడే అది?"

"అందుకే రాశాను," అన్నాను.

ఆయన నవ్వాడు. వెల్లుల్లి రేకలు ఒళ్ళోంచి రాలిపోయేదాకా, దగ్గొచ్చేదాకా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. నవ్వు ఆగాక, రేకలు ఏరుకుంటూ, నా వైపు చూడకుండా అన్నాడు: "రేపు, ఎల్లుండి ఉంటాదట. పెద్దాయన పొద్దుట పూట అక్కడే ఉంటాడు. కావాలంటే నానూ వొస్తాను, బయట నిలబడతాను."

అన్నాళ్ళూ ఆయనకి ఏమీ పట్టనట్టు ఉన్నాడనుకున్నాను. పెద్దాయన పొద్దుట పూట ఉంటాడని కూడా కనుక్కున్నాడు. తన పేరు గోడకెక్కకపోయినా సరే, తాను బొమ్మలు కోసే మనిషి కాదని ఆ ఒక్క మనిషికి తెలియాలని ఆయనకుంది. నోరు తెరిచి నన్ను అడిగింది అదొక్కటే.

"రేపు చూద్దాం," అన్నాను.

మర్నాడు తెల్లారి లేచేసరికి వడియాలకి మినప్పప్పు నానబెట్టి ఉంది. ముందటి రోజు రాత్రి నేనే నానబెట్టాను. "పప్పు పులిసిపోతుంది, ఇంత పప్పు పారబోసుకుంటామా, ఎల్లుండి వెళ్దాం," అన్నాను. మర్నాడే ఆఖరి రోజని, ఎల్లుండికి అక్కడేమీ ఉండదని ఇద్దరికీ తెలుసు. ఆయన శుభ్రమైన చొక్కా తొడుక్కుని ఉన్నాడు. చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి, బనీను మీద, రుబ్బిన పిండి గిన్నె పట్టుకుని నాతో పాటు మేడ మీదికొచ్చాడు. పాత చీర పరిచి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టాడు. నేను వడియాలు పెడుతుంటే ఎండ ఎక్కేదాకా అక్కడే కూచుని కాకుల్ని తోలాడు.